పాత కారు ఇంజనును సవరించు విధము



మన కాట్టుపల్లికి దక్షిణమున నున్న ఎన్నూరు, భారతదేశపు మోటారు పరిశ్రమ తొలినాళ్ల చరిత్రలో చోటుచేసికొన్న ఊరు. 1948వ సంవత్సరమున స్థాపింపబడిన అశోక్ మోటార్సు సంస్థ అచట ఆస్టిన్ ఎ-40 కార్లను కూర్చినది. 1955లో ఆ సంస్థయే అశోక్ లేలాండ్ అను పేరు దాల్చి, లారీలకును బస్సులకును ప్రసిద్ధి చెందినది. అంబాసిడరు కార్లలో చాలకాలము నడచిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, ఆ ఆస్టిన్ ఇంజను వంశమునకు చెందినదే. 2014లో అంబాసిడరు నిర్మాణము నిలిచిపోయినది. అయినను పాత బండ్లను కాపాడుకొనుచున్నవారు ఇప్పటికిని కలరు. ఈనాటి క్రొత్త కార్లలో కానరాని కార్బొరేటరు, కాంటాక్టు పాయింట్లు ఆ బండ్లలో ఉండును. ఇవి వాడుకలో అరుగును, మసిబారును, సడలును. కావున వానిని అప్పుడప్పుడు సవరింపవలెను. దీనినే మెకానిక్కులు ట్యూనింగు అందురు.

ఇంజను తడబడగానే పలువురు మొదట కార్బొరేటరు మరను త్రిప్పుదురు. అది పొరపాటు. నిప్పురవ్వలోని లోపమును పెట్రోలు పెంచి కప్పిపుచ్చినచో, ఇంజను ఒక పూట బాగుగా తిరిగినట్లే తోచును. పెట్రోలు మాత్రము వృథా యగును. సవరింపునకు ఒక వరుస కలదు. ఆ వరుసకు గల కారణమును తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

నిప్పురవ్వ పుట్టు విధము

బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టుల విద్యుత్తు ఇగ్నిషన్ కాయిలులోని తీగచుట్టలో ప్రవహించి అయస్కాంత క్షేత్రమును కలిగించును. పాయింట్లు విడిపోగానే ఆ ప్రవాహము తెగి, క్షేత్రము కూలును. అప్పుడు రెండవ చుట్టలో వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టి, ప్లగ్గు మొనలయొద్ద రవ్వగా దూకును. 1831లో ఫారడే కనుగొనిన విద్యుత్ప్రేరణ సూత్రమే ఇది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, క్షణమునకు, అనగా సెకండునకు, 100 రవ్వలు పుట్టవలెను. ఇంత వేగముగా పనిచేయు పాయింట్లు అరుగుటలో వింత ఏమున్నది?

సవరింపు వరుస

1. బ్యాటరీ: మన తీరమున ఒకవైపు బంగాళాఖాతము, మరియొకవైపు ఉప్పునీటి పాయలు కలవు. ఈ ఉప్పుగాలికి లోహములు త్వరగా చెడును. బ్యాటరీ కొనలపై పేరిన పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, వాసెలిన్ పూయవలెను. సోడానీరు బ్యాటరీ లోనికి పోరాదు. బండి శరీరమునకు కలిపిన ఎర్తు తీగను మొదట ఊడదీసి, చివర బిగింపవలెను.

2. ప్లగ్గులు: వీని రంగు ఇంజను ఆరోగ్యమును తెలుపును. లేత గోధుమరంగు మంచిది. పొడి నల్లమసి యున్నచో పెట్రోలు ఎక్కువైనదని గాని, గాలి వడపోత మూసికొనిపోయినదని గాని అనుమానింపవలెను. నూనెతడి యున్నచో పిస్టన్ రింగులు అరిగియుండవచ్చును. అది ట్యూనింగుతో తీరు లోపము కాదు. ప్లగ్గును శుభ్రపరచి, అంగుళమున 25 వేలవ వంతుల సందు ఉంచవలెను.

3. పాయింట్లు: వీని సందు 15 వేలవ వంతులు. ఫీలర్ గేజితో కొలువవలెను. గుంటలు పడిన పాయింట్లను మార్చుటయే మేలు. ఈ కొలతలు పైన చెప్పిన 1489 ఇంజనుకు చెందినవి. ఇతర బండ్లకు వాని పుస్తకమునందున్న కొలతలే ప్రమాణము.

4. టైమింగు: పాయింట్ల సందు తగ్గినచో అవి ఆలస్యముగా విడును, రవ్వయు ఆలస్యమగును. బలము తగ్గును, ఇంజను వేడెక్కును. కావున సందు సరిచేసిన పిమ్మటనే టైమింగును చూడవలెను.

5. కార్బొరేటరు: గాలి వడపోతను శుభ్రపరచి, ఇంజను వేడెక్కిన తరువాత మాత్రమే దీని మరను ముట్టవలెను. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 15 రెట్లు గాలి కావలెను. బండి నిలిచియుండగా ఇంజను నెమ్మదిగా, వణకక తిరిగినచో మిశ్రమము సరియైనట్లే.

జాగ్రత్తలు

మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయును. పెట్రోలు దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు. తిరుగుచున్న ఫ్యాను దగ్గరకు వ్రేలాడు పంచెకొంగును, పైటను పోనీయరాదు. ఇంజను ఎంత చక్కగా తిరిగినను, బ్రేకులను పరీక్షింపక బండిని రోడ్డుపైకి తీసికొనిపోరాదు.

లక్షణమును చూచి కారణమును వెదకువాడే నిజమైన మెకానిక్కు. కారణమును కనుగొనక మరను త్రిప్పువాడు, యజమాని సొమ్మును పొగగొట్టము గుండా పోగొట్టువాడే.

అభ్యాసము

1. పాయింట్ల సందును సరిచేయక ముందు టైమింగును ఏల చూడరాదు?

2. ఇంజను నిమిషమునకు 1800 చుట్లు తిరుగునపుడు, ఒక్క సిలిండరులో సెకండునకు ఎన్ని రవ్వలు పుట్టును?

3. మీ ఊరిలో ఉప్పుగాలికి చెడిన లోహవస్తువులను గమనించి, వాని పట్టిక వ్రాయుడు.