కోత మిషన్ సైలెన్సర్‌కు రంధ్రం వేయిస్తున్నారా? కార్బొరేటర్ సంగతి చూశాకే

మామిడి కాపు దిగాక ఎండు కొమ్మలు తీయడానికి, సరుగుడు, సుబాబుల్, నీలగిరి కోతకు ఇప్పుడు ఊరూరా పెట్రోలు రంపాలు వచ్చేశాయి. చైన్ సా అనండి, కోత మిషన్ అనండి, గొడ్డలితో పూటంతా పట్టే పని గంటలో అయిపోతోంది. అయితే మన ఎండలకు ఈ మిషన్లు ఊరికే వేడెక్కి ఆగిపోతున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. సైలెన్సర్‌కు ఇంకో రంధ్రం వేయిస్తే మిషన్ చల్లగా నడుస్తుంది, బలం కూడా పెరుగుతుంది అని మెకానిక్కులు చెబుతుంటారు. అది అబద్ధం కాదు. కాకపోతే అది సగం పని. మిగతా సగం చేయకపోతే మిషన్ మూలన పడుతుంది. మా ఇంట్లో అదే అయింది.

పోయిన వేసవిలో మా చిన్నాన్న తన 58 సీసీ మిషన్‌ను ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన సైలెన్సర్ రేకుకు మూడు రంధ్రాలు పొడిచి, లోపలి జల్లెడ పీకి పారేసి ఇచ్చాడు. రెండు రోజులు మిషన్ పులిలా గాండ్రించింది. చిన్నాన్న ఒకటే సంబరం. మూడో రోజు మధ్యాహ్నం మామిడి మొద్దు సగం కోశాక కీచుమని ఆగిపోయింది, మళ్లీ తాడు లాగితే కదల్లేదు. తోటలో ఇంకా నలభై చెట్ల పని మిగిలే ఉంది, కూలీలకు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాం.

నాకు ఎలాగూ హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ దగ్గర ఉద్యాన శాఖ కార్యాలయంలో పని ఉంది. మిషన్‌ను గోనె సంచిలో చుట్టుకుని ఇద్దరం బస్సెక్కాం. నాంపల్లి స్టేషన్ వెనక సందులో చిన్న ఇంజన్లు బాగుచేసే ఒక పెద్దమనిషి సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచే పిస్టన్ చూపించాడు. పొగ పోయే వైపు నిలువునా గీతలు. చిన్నాన్న ముఖం చూసి ఆయన అన్న మాట ఇది: ‘‘పొగ పోయేటందుకు తొవ్వ ఇచ్చిండ్రు పటేలా, మంచిగనే ఉంది. మరి పెట్రోలు పెంచుడు ఎవలు జూడాలె?’’

వేడి ఎందుకు పుడుతుంది?

ఇది టూ స్ట్రోక్ ఇంజన్. పాత స్కూటర్ లాంటిదే. పిస్టన్ కిందికి దిగేటప్పుడు పక్కనున్న దారి తెరుచుకుని కాలిన పొగ బయటికి పోతుంది, ఆ వెంటనే కొత్త పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. కంపెనీ వాళ్లు చప్పుడు, నిప్పు రవ్వలు తగ్గించడానికి సైలెన్సర్ మూతి సన్నగా పెడతారు. దాంతో కాలిన పొగ కొంత లోపలే చిక్కుకుని కొత్త సరుకును వేడెక్కిస్తుంది. మూతి వెడల్పు చేస్తే పొగ త్వరగా పోతుంది, కొత్త గాలి ఎక్కువగా వస్తుంది. బలం పెరిగేది ఇందుకే.

కానీ గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడా పెరగాలి కదా. ఈ ఇంజన్‌లో పెట్రోలు కాలడానికే కాదు, దానిలో కలిపిన ఆయిల్ పిస్టన్‌కు జిడ్డు పట్టిస్తుంది, పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. గాలి పెరిగి పెట్రోలు పాత లెక్కలోనే ఉంటే, చల్లబడాల్సిన ఇంజన్ ఇంకా కాలుతుంది. చిన్నాన్న మిషన్ పులిలా అరిచింది బలంతో కాదు, దాహంతో.

ముందు మసి దులపండి

రంధ్రం గురించి ఆలోచించే ముందు ఒక గంట కూర్చుని మిషన్ శుభ్రం చేసుకోండి. చాలా మిషన్లకు జబ్బు అక్కడే నయమైపోతుంది. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య రంపపు పొట్టు, ఆయిల్ కలిసి ముద్దలా గడ్డకడుతుంది. ఫ్యాన్ గాలి అందులోంచి పోదు. పుల్లతో గోకి తీయాలి. సైలెన్సర్ మూతి దగ్గర సన్న జల్లెడ ఉంటుంది. అది మసితో మూసుకుపోతే మిషన్ లోడు మీద గొంతు పట్టినట్టు అవుతుంది. వైరు బ్రష్‌తో రుద్ది మళ్లీ అక్కడే పెట్టండి. గాలి ఫిల్టర్ కడిగి ఆరబెట్టాలి. చెయిన్ మొద్దుబారితే కూడా ఇంజన్ కాలిపోతుంది. కోస్తుంటే రేకుల్లాంటి పొట్టు రాలాలి, పిండిలా రాలితే ఆకురాయి పట్టాల్సిందే.

రంధ్రం ఎంత?

ఇన్ని చేశాక కూడా మూతి వెడల్పు చేయాలనుకుంటే లెక్క ప్రకారం చేయించండి. సైలెన్సర్ విప్పి సిలిండర్‌లో పొగ దారిని కొలవాలి. ఉదాహరణకు అది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. రెండూ గుణిస్తే 308. సైలెన్సర్ బయటి మూతులన్నీ కలిపి ఇందులో ముప్పాతిక, అంటే 231 చదరపు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోవడం మంచిది. గుండ్రని రంధ్రం లెక్కకు అడ్డుకొలతను అడ్డుకొలతతోనే గుణించి 0.785తో మళ్లీ గుణించాలి. ఇప్పుడున్న మూతి 12 మిల్లీమీటర్లయితే 113 వస్తుంది. ఇంకో 12 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే మొత్తం 226. చాలు. మూడు రంధ్రాలు ఎందుకు పొడిచారో ఆ మెకానిక్‌కే తెలియాలి.

రంధ్రం వేసేటప్పుడు సైలెన్సర్ మిషన్ మీద ఉండకూడదు, ఇనుప పొడి సిలిండర్‌లోకి పోతే పిస్టన్‌ను గీకేస్తుంది. లోపలి అంచులు ఆకురాయితో నున్నగా చేసి, గాలి కొట్టి బిగించాలి. పొగ ముందుకు, చెయిన్ పట్టా వైపు పోవాలి. చేతుల మీదికి, పెట్రోలు ట్యాంకు మీదికి తిప్పకూడదు. కొత్త రంధ్రానికీ స్టీలు జల్లెడ తప్పనిసరి. మా మోడల్‌కు సరిపడే జల్లెడ కోసం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి, ఆ చుట్టుపక్కల షాపులన్నీ అడిగాం. చివరికి గజం లెక్కన అమ్మే సన్నకంటి స్టీలు మెష్ జానెడు ముక్క కొని కత్తిరించుకున్నాం.

వారంటీ ఉన్న మిషన్‌ను ముట్టుకోకండి, రంధ్రం చూస్తే కంపెనీ వాళ్లు వెనక్కి పంపేస్తారు. సైలెన్సర్ లోపల తేనెతుట్టె లాంటి పొగ శుద్ధి భాగం ఉన్న మోడళ్లకు కూడా ఈ మార్పు వద్దు.

స్క్రూ తిప్పడం అసలు విద్య

కార్బొరేటర్ మీద ఇంగ్లీషు అక్షరాలతో మూడు స్క్రూలుంటాయి. ‘ఎల్’ నెమ్మదిగా తిరిగేటప్పటి పెట్రోలుకు, ‘హెచ్’ పూర్తి రేజులో పెట్రోలుకు, ‘టి’ ఐడిల్‌కు. మనకు కావాల్సింది హెచ్. కుడి వైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమ వైపు తిప్పితే పెరుగుతుంది. మిషన్‌ను రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, హెచ్‌ను ఎడమకు వీసం చుట్టు మాత్రమే, అంటే గడియారంలో ముల్లు నాలుగు నిమిషాలు జరిగినంత తిప్పి చూడాలి. తర్వాత కట్టెలో పెట్టకుండా రెండు మూడు సెకన్లు పూర్తి రేజు ఇవ్వండి. బుడబుడమని కొంచెం తడబడుతున్నట్టు మోగాలి. కట్టెలో దించగానే ఆ తడబాటు పోయి సాఫీగా కోయాలి. కట్టె బయట కూడా కీచుమని ఒకే సన్నని గొంతుతో అరుస్తుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, ఇంకాస్త ఎడమకు తిప్పండి. పది నిమిషాలు కోశాక మిషన్ ఆపి, చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. ఇటుక రంగు, కాఫీ రంగు అయితే సరే. తెల్లగా ఉంటే ప్రమాదం. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. కంప్యూటర్ కార్బొరేటర్ ఉన్న ఖరీదైన మోడళ్లు తమంతట తామే సర్దుకుంటాయి, వాటికి ఈ తంటా లేదు.

ఇంకో ముచ్చట. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు మొదలై, 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత స్క్రూ లెక్కలో మిషన్‌కు పెట్రోలు తక్కువైనట్టే. చాలా కంపెనీల పుస్తకాల్లో 10 శాతానికి మించవద్దనే రాసి ఉంది. అంటే రంధ్రం వేయని మిషన్‌కు కూడా హెచ్ ఒకసారి చూపించుకోవాలి. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. వారం పైన పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతటదే ఆగిపోయేదాకా నడపండి. ఆయిల్ కంపెనీ పుస్తకం 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. కంటి అంచనా వద్దు.

చప్పుడు, నిప్పు

మామూలు మిషనే చెవి దగ్గర 100 డెసిబెల్స్ పైన మోగుతుంది. మూతి తెరిస్తే ఇంకా పెరుగుతుంది. దూది ఉండలు చాలవు, ఇయర్ మఫ్స్ కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం, పగటిపూట హద్దు 50 డెసిబెల్స్. కోర్టులు, నిలోఫర్ ఆసుపత్రి ఉన్న నాంపల్లి లాంటి చోట ఇంటి చెట్టు కోయాలంటే మూతి తెరిచిన మిషన్ తేకపోవడమే మేలు. ఎండు గడ్డి, ఎండుటాకుల మధ్య జల్లెడ లేని మిషన్ నడిపితే ఒక్క రవ్వ చాలు తోట అంటుకోవడానికి. పెట్రోలు పోసేటప్పుడు మిషన్ పది నిమిషాలు చల్లారనిచ్చి, పోసిన చోటి నుంచి పదడుగులు జరిగి స్టార్ట్ చేయండి.

మా మిషన్‌కు నాంపల్లి పెద్దమనిషి కొత్త సిలిండర్, పిస్టన్ వేసి, మూడు రంధ్రాల్లో రెండు వెల్డింగ్‌తో మూసి, మిగిలినదాన్ని కొలత ప్రకారం సరిచేసి మెష్ బిగించాడు. హెచ్ స్క్రూ తిప్పడం చిన్నాన్న చేతనే మూడుసార్లు చేయించాడు. ముందు ఎంత సేపట్లో కోసేదో మేము రాసిపెట్టుకోలేదు, అదొక తప్పు. మీరు మాత్రం మార్పు చేయకముందే ఒకే మొద్దు మీద మూడు కోతలు వాచీ పెట్టి చూసుకోండి, తర్వాత అదే చెయిన్‌తో మళ్లీ మూడు. ఇప్పుడు మధ్యాహ్నం ఎండలోనూ మిషన్ ఆగడం లేదు. పెట్రోలు మునుపటికన్నా కొంచెం ఎక్కువే తాగుతోంది. మిగిలిన నలభై చెట్ల పని వానలు పడ్డాక పూర్తయింది.