ఇంటి కంప్యూటర్‌లో ఫైళ్లు ఇంటిల్లిపాదివీ కావాలంటే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. పనిచేస్తున్న పాత కంప్యూటర్‌ని పారేయడానికి చేతులు రావు కాబట్టి అందులో ఉబుంటు లాంటి లినక్స్ వేసుకోవడం మంచి దారి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో రాజాం జీఎంఆర్ఐటీలోనో చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే, సెలవులకి వచ్చినప్పుడు ఒక పూటలో ఆ పని చేసిపెట్టేస్తారు. వాళ్లు హాస్టల్‌కి వెళ్లిపోయాకే చిక్కు మొదలవుతుంది. అబ్బాయి లాగిన్‌లో ఎక్కించిన పెళ్లి ఫొటోలు అమ్మ లాగిన్‌లో తెరుచుకోవు. నాన్న స్కాన్ చేసిన పొలం కాగితం పక్కన కోడలు ఒక అక్షరం చేర్చి సేవ్ చేద్దామంటే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది.

కంప్యూటర్ చెడిపోలేదు. లినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక యజమానీ ఒక గ్రూపూ ఉంటాయి. ఇంటి ఫైళ్లన్నీ వాటిని ఎక్కించిన మనిషి గ్రూపులోనే ఉండిపోయాయి, అంతే. ఇంటికంతటికీ ఒక గ్రూపు పెట్టి, ఫోల్డర్‌ని ఒక్కసారి సరిగ్గా ఆ గ్రూపుకి రాసిచ్చేస్తే మళ్లీ మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. కింద కమాండ్లు పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెప్పాను.

1. ఏదైనా మార్చేముందు ఉన్నదేమిటో చూడండి. ఫైళ్లున్న ఫోల్డర్‌లోకి వెళ్లి ‘ఎల్ఎస్ -ఎల్’ కొడితే ఒక్కో ఫైలుకి ఒక్కో వరస వస్తుంది. వరస మొదట్లో పది గుర్తులుంటాయి. మొదటిది హైఫన్ అయితే ఫైలు, ‘డి’ అయితే ఫోల్డరు. మిగిలిన తొమ్మిదిని మూడేసి చొప్పున విడగొట్టి చదవండి: మొదటి మూడు యజమానికి, నడిమి మూడు గ్రూపుకి, చివరి మూడు మిగతా అందరికీ. ‘ఆర్’ అంటే చదవొచ్చు, ‘డబ్ల్యూ’ అంటే మార్చొచ్చు, ‘ఎక్స్’ అంటే ప్రోగ్రామైతే నడపొచ్చు, ఫోల్డరైతే లోపలికి వెళ్లొచ్చు. ఆ తర్వాత ఒక అంకె, దాని వెనక రెండు పేర్లు ఉంటాయి. మొదటి పేరు యజమానిది, రెండోది గ్రూపుది. ఉబుంటులో రెండు చోట్లా ఒకే పేరు కనబడడం మామూలే. ప్రతి లాగిన్‌కీ అదే పేరుతో సొంత గ్రూపు ఒకటి తయారవుతుంది, కొత్త ఫైళ్లన్నీ అందులోకే పోతాయి. మనం మార్చవలసింది ఆ రెండో పేరుని.

2. ఇంటికి ఒక గ్రూపు పెట్టండి. ‘సుడో గ్రూప్‌యాడ్ ఇల్లు’. ‘సుడో’ అంటే ఆ కమాండుని అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పడం. గ్రూపు పేరుకి తెలుగు లిపి ఒప్పుకోదు, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

3. మనుషుల్ని చేర్చేటప్పుడు చెయ్యి జాగ్రత్త. కమాండు ‘సుడో యూజర్‌మాడ్ -ఎజి ఇల్లు అమ్మ’. ఇందులో ‘ఎ’ చిన్నది, ‘జి’ పెద్దది. ఆ చిన్న ‘ఎ’కి అర్థం ‘ఉన్నవాటికి తోడుగా’ అని. అది మరిచిపోయి పెద్ద ‘జి’ ఒక్కటే కొడితే, ఆ మనిషిని సొంత గ్రూపు తప్ప అంతకుముందు ఉన్న మిగతా గ్రూపుల్లోంచి తీసేసి ఈ ఒక్కదాంట్లో ఉంచుతుంది. ఇంట్లో సుడో హక్కు ఉన్న ఏకైక లాగిన్‌కి ఇలా జరిగితే ఆ హక్కు కూడా పోతుంది, కంప్యూటర్‌ని రికవరీలో తెరిస్తే తప్ప తిరిగి రాదు. కమాండు కొట్టాక ఆ మనిషి ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. అప్పటిదాకా కొత్త గ్రూపు వర్తించదు. ‘గ్రూప్స్’ అని కొడితే తాను ఏయే గ్రూపుల్లో ఉన్నదీ కనబడుతుంది.

4. ఉమ్మడి ఫోల్డర్‌ని ఎవరి హోమ్‌లోనూ పెట్టకండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త లాగిన్ల హోమ్ ఫోల్డర్లు ఇతరులకి మూసే ఉంటున్నాయి. లోపలి ఫోల్డర్‌కి ఎంత అనుమతి ఇచ్చినా వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ‘/ఎస్ఆర్‌వీ/ఇల్లు’ అని బయట ఒకటి పెట్టుకోండి. ‘సుడో ఎంకేడిర్ /ఎస్ఆర్‌వీ/ఇల్లు’ చాలు. లోపలి ఫోల్డర్లకి జిల్లా పేర్లు మాత్రం వద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అనీ, కొత్తవాటిలో విజయనగరం జిల్లా అనీ ఉంటోంది. ఊరి పేరు పెడితే రెండూ ఒక్కచోటే దొరుకుతాయి.

5. పాత ఫైళ్లన్నీ సుడోతో అందులో చేర్చాక గ్రూపు మార్చండి: ‘సుడో సీహెచ్‌జీఆర్‌పీ -ఆర్ ఇల్లు /ఎస్ఆర్‌వీ/ఇల్లు’. ముందు గ్రూపు పేరు, తర్వాత ఫోల్డరు దారి. ఈ ‘ఆర్’ పెద్దదే ఉండాలి, లోపలున్న ఫోల్డర్లూ ఫైళ్లూ అన్నిటికీ అది వర్తింపజేస్తుంది. ‘-సి’ కూడా చేర్చితే ఏ ఫైలు ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకి మారిందో ఒక్కో వరసగా చెబుతుంది. మొదటిసారి చేసేవాళ్లు తప్పక చేర్చుకోవాలి. ఒక్క ఫైలే అయితే సుడో లేకుండానే మార్చొచ్చు. కాకపోతే ఆ ఫైలు మీదై ఉండాలి, మీరు ఆ గ్రూపులో సభ్యులై ఉండాలి. మీది కాని ఫైలునీ, మీరు లేని గ్రూపుకీ సుడో లేకుండా మార్చనివ్వదు. ‘సీహెచ్ఓన్ :ఇల్లు’ అని కోలన్ పెట్టి కొట్టినా ఇదే పని అవుతుంది.

6. స్లాష్ తర్వాత స్పేసు పడకూడదు. ‘/ ఎస్ఆర్‌వీ/ఇల్లు’ అని పొరపాటున ఒక్క ఖాళీ పడితే కంప్యూటర్‌కి అది రెండు దారులుగా అర్థమవుతుంది. మొదటిది మొత్తం డిస్కు. ‘ఆర్‌ఎం’ కమాండు ఇలాంటి చోట తనంతట తానే ఆగుతుంది గానీ సీహెచ్‌జీఆర్‌పీ ఆగదు, సిస్టమ్ ఫైళ్ల గ్రూపులన్నీ మార్చేస్తుంది. సుడో, పెద్ద ఆర్ రెండూ ఉన్న వరసని ఎంటర్ కొట్టేముందు ఒకసారి పైకి చదవండి. ‘--ప్రిజర్వ్-రూట్’ చేర్చితే ఇంకా నిశ్చింత.

7. గ్రూపు మారింది కదా అని పని అయిపోలేదు. గ్రూపుకి చదివే, మార్చే అనుమతి కూడా ఇవ్వాలి: ‘సుడో సీహెచ్‌మాడ్ -ఆర్ జి+ఆర్‌డబ్ల్యూఎక్స్,ఓ= /ఎస్ఆర్‌వీ/ఇల్లు’. ఇక్కడా మొదటి ‘ఆర్’ పెద్దది. ‘ఎక్స్’ కూడా పెద్దదే. పెద్ద ఎక్స్ అయితే ఫోల్డర్లకీ, ముందే ప్రోగ్రాములుగా ఉన్నవాటికీ మాత్రం ఆ అనుమతి పడుతుంది, ఫొటోలకీ పీడీఎఫ్‌లకీ పడదు. చివరి ‘ఓ=’ వల్ల ఇంటి గ్రూపులో లేనివాళ్లకి తలుపు మూసుకుంటుంది. విసుగెత్తి ‘777’ కొట్టేసి ఊరుకునేవాళ్లున్నారు. ఆధార్ కాపీలూ పాసుపుస్తకాలూ ఉన్న ఫోల్డర్‌కి ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఇరుగింటి పిల్లాడికని తెరిచిన లాగిన్‌కి కూడా అవన్నీ అందుబాటులోకి వస్తాయి.

8. అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇది. ఇంతవరకు చేసింది ఈ రోజున్న ఫైళ్లకే. రేపు తమ్ముడు అదే ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెడితే అది మళ్లీ తమ్ముడి సొంత గ్రూపులోకే పోతుంది, వారం తిరక్కుండా అమ్మ దగ్గర్నించి ఫోనొస్తుంది. ఫోల్డర్‌కి ‘జి+ఎస్’ పెడితే అందులో కొత్తగా పుట్టే ప్రతి ఫైలూ ఫోల్డర్ గ్రూపునే తీసుకుంటుంది. దాని కింద కొత్తగా తెరిచే ఫోల్డర్లకి ఈ గుణం కూడా దానంతటదే వస్తుంది. ఇప్పటికే ఉన్న లోపలి ఫోల్డర్లన్నిటికీ ఒకేసారి పెట్టాలంటే: ‘సుడో ఫైండ్ /ఎస్ఆర్‌వీ/ఇల్లు -టైప్ డి -ఎగ్జెక్ సీహెచ్‌మాడ్ జి+ఎస్ {} +’. అన్నీ చిన్నక్షరాలే. తర్వాత ‘ఎల్ఎస్ -ఎల్’ చూస్తే నడిమి మూడింట్లో ‘ఎక్స్’ బదులు చిన్న ‘ఎస్’ కనబడాలి. పెద్ద ‘ఎస్’ కనబడితే గ్రూపుకి ఎక్స్ అనుమతి లేదని గుర్తు, ఏడో చిట్కా మళ్లీ చేయండి.

9. కాపీ వేరు, మూవ్ వేరు. ఫోన్ నుంచి డౌన్‌లోడ్స్‌లోకి దించిన స్కాన్లని అదే డిస్కులో మౌస్‌తో లాగి ఉమ్మడి ఫోల్డర్‌లో పడేస్తే అవి పాత గ్రూపుతోనే వచ్చి కూర్చుంటాయి. మూవ్‌లో కొత్త ఫైలేదీ పుట్టదు, ఉన్నది చోటు మారుతుందంతే. కాపీ చేస్తే కొత్తది పుడుతుంది గనక ఎనిమిదో చిట్కా పనిచేస్తుంది. అందుకే కాపీ చేసి, తెరుచుకుంటోందని చూసి, అసలుది తర్వాత తీసేయండి. ‘సీపీ’కి ‘-ఎ’ గానీ ‘-పి’ గానీ తగిలిస్తే మాత్రం అది పాత గ్రూపుని కాపాడే ప్రయత్నం చేస్తుంది.

10. గ్రూపు సరిగ్గానే ఉన్నా కొత్త ఫైళ్లు గ్రూపుకి చదవడానికే వస్తున్నాయా? ‘యూమాస్క్’ అని కొట్టి చూడండి. 0022 వస్తే అదే కారణం. ఆ లాగిన్‌కి 002 పెట్టుకోవాలి.

11. పెన్‌డ్రైవ్ మీద ఇవేవీ పనిచేయవు. దుకాణంలో కొన్న పెన్‌డ్రైవులు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, వాటిలో యజమాని, గ్రూపు రాసుకునే చోటే లేదు. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తే కంగారు పడకండి. ఫైళ్లని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని అక్కడే మార్చండి.

12. లినక్స్ పద్ధతిలో, అంటే ఈఎక్స్‌టీ4లో, ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కుని హైదరాబాదులో ఉన్న అన్నయ్య ఇంటికి తీసుకెళ్తే గ్రూపు పేరు మారిపోయి కనబడొచ్చు. డిస్కు మీద ఉండేది పేరు కాదు, అంకె. మన ఇంట్లో ‘ఇల్లు’ 1003 అయితే అక్కడ 1003 ఇంకెవరిదో కావొచ్చు. రెండు కంప్యూటర్లలోనూ ‘సుడో గ్రూప్‌యాడ్ -జి 2500 ఇల్లు’ అని ఒకే అంకెతో పెడితే ఈ గొడవ రాదు. ఇక్కడ ‘జి’ చిన్నది. ఆ అంకె రెండింట్లోనూ ఖాళీగా ఉందో లేదో ముందు ‘గెటెంట్ గ్రూప్ 2500’తో చూసుకోండి, ఏమీ రాకపోతే ఖాళీ. గ్రూపు ఇప్పటికే పెట్టేసి ఉంటే ‘గ్రూప్‌మాడ్’తో అంకె మార్చొచ్చు గానీ ఫైళ్లకి సీహెచ్‌జీఆర్‌పీ మళ్లీ నడపాలి.

13. పొలం కాగితాలకి వేరే గ్రూపు పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. అలాంటి రాత్రి ఇంటి కప్పు ఎగిరితే ట్రంకుపెట్టెలో కాగితాలకి దిక్కు లేదు. అందుకే పాసుపుస్తకం, అడంగల్, రిజిస్ట్రేషన్ దస్తావేజు స్కాన్ చేసి ఉంచమని అందరికీ చెబుతాను. ఆ స్కాన్లు ఆటలాడే పిల్లల లాగిన్‌కి అందకూడదు. ‘పొలం’ అని ఇంకో గ్రూపు తెరిచి అందులో అమ్మానాన్నల్నీ, లెక్కలు చూసే బాబాయినీ చేర్చి, ఆ ఒక్క ఫోల్డర్‌కి సీహెచ్‌జీఆర్‌పీ నడపండి. ఒక ఫైలుకి గ్రూపు ఒక్కటే ఉంటుంది. ఒకే ఫోల్డర్‌ని ‘పొలం’ వాళ్లు మార్చాలి, ‘ఇల్లు’ వాళ్లు చూడాలి అంటే ‘సెట్‌ఎఫ్ఏసీఎల్’ అనే కమాండు కావాలి. అంత అవసరం ఏ ఇంటికో గానీ రాదు.

14. చెరిగిపోకూడనివి ఉంటే ఫైలుతో పాటు ఫోల్డర్‌కీ తాళం వేయాలి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వేల కథల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందిస్తోంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాతల నాటి పత్రికలు అటక మీద ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాటిని స్కాన్ చేసి ఉంచడం చాలా మంచి పని. ఆ స్కాన్లని ఇల్లంతా చదవాలి, ఎవరి చెయ్యీ తగిలి పోకూడదు. ఫైలుకి ‘జి-డబ్ల్యూ’ పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఫైలుని తొలగించే హక్కు ఫైలు మీద కాదు, దాన్ని పట్టుకున్న ఫోల్డర్ మీద ఆధారపడుతుంది. ఫోల్డర్‌కి కూడా ‘జి-డబ్ల్యూ’ పెట్టండి. అందరూ చేర్చవలసిన ఫోల్డరైతే ‘+టి’ పెట్టండి, అప్పుడు ఎవరు పెట్టిన ఫైలుని వారూ, ఫోల్డర్ యజమానీ, సుడో ఉన్నవారూ తప్ప మరొకరు తీయలేరు.

15. నెలకోసారి ఒక్క కమాండు: ‘సుడో ఫైండ్ /ఎస్ఆర్‌వీ/ఇల్లు -నాట్ -గ్రూప్ ఇల్లు’. గ్రూపు తప్పిన ఫైళ్ల పేర్లే వస్తాయి. ‘పొలం’ ఫోల్డర్ ఇందులోనే ఉంటే దానివీ వస్తాయి, వాటిని వదిలేయండి. మిగిలినవి ఎక్కువగా తొమ్మిదో చిట్కాలో చెప్పిన మూవ్ చేసిన ఫైళ్లే అయ్యుంటాయి. ఆ పేర్ల మీద సీహెచ్‌జీఆర్‌పీ విడిగా నడిపితే సరి. పేరులో ఖాళీలుంటే, ‘అక్క పెళ్లి 2.జేపీజీ’ లాగా, రెండు వైపులా కోట్స్ పెట్టండి.