తోలుబొమ్మకు చోటుంది, డప్పుకు లేదా?



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. గ్రూప్స్ పరీక్షలకు ఎలా చదవాలో రాసే అన్నలు మనకు చాలామంది ఉన్నారు. మేము రాయదలచుకున్నది వేరే సంగతి. మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. 2023లో ముగ్గురికీ ఒకే యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. ఒకరిది తెలుగు, ఒకరిది ఎకనామిక్స్, ఒకరిది ఫిజిక్స్. అక్కడ విద్యార్థులే నడుపుకొనే డిజైన్ క్లబ్బులో చేరాం. ఆ క్లబ్బు ఏటా పెట్టే హస్తకళల ప్రదర్శన దగ్గర మాకు ఒక దెబ్బ తగిలింది, ఒక పాఠమూ దొరికింది.

డిజైన్ క్లబ్బు అంటే బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళకే అనుకొని మేము మొదట వెనకాడాం. నిజం చెప్పాలంటే మొదటి మీటింగుకు వెళ్ళింది టీ, సమోసా ఇస్తారని విని. తీరా చూస్తే అక్కడ సగం మందికి బొమ్మలు రావు. పోస్టర్లు తయారుచేయడం, నెలకోసారి ఎవరైనా పనివాళ్ళను పిలిపించి వాళ్ళ దగ్గర కూర్చొని నేర్చుకోవడం, ఫిబ్రవరిలో రెండు రోజుల ప్రదర్శన పెట్టడం, ఇవీ ఆ క్లబ్బు పనులు. ఏ డిపార్టుమెంటు వాళ్ళయినా చేరవచ్చు, ఫీజు లేదు. మీరు రేపు ఏ కాలేజీకి వెళ్ళినా ఇలాంటి క్లబ్బు ఉందేమో నోటీసు బోర్డు చూడండి.

ఇంతకీ డిజైన్ అంటే ఏమిటి? చీర అంచు మీద పువ్వులే డిజైన్ అని మేమూ అనుకొనేవాళ్ళం. క్లబ్బు మొదటి నెలలో ఒక సీనియర్ మాకు చెంబు కథ చెప్పాడు. 1958లో మన ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఈ దేశంలో చూసిన వస్తువులన్నిటిలో వాళ్ళు అన్నిటికన్నా మెచ్చుకొన్నది మన ఇళ్ళల్లో ఉండే లోటాను, అంటే చెంబును. ఎన్ని నీళ్ళు పట్టాలి, నడుం మీద పెట్టుకొంటే ఎలా ఆనాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగాలి, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు తూగాలి, మూతి ఎంతుంటే ధార సరిగ్గా పడుతుంది, తోమడానికి చెయ్యి లోపలికి పోతుందా, ఇలాంటి ప్రశ్నలు ఎన్నో ఆ ఒక్క చెంబులో తేలిపోయాయని వాళ్ళు గమనించారు. దాన్ని ఏ ఒక్కరూ కూర్చొని గీయలేదు. తరతరాల మనుషులు వాడుతూ, దిద్దుతూ తెచ్చిన ఆకారం అది.

ఇది విన్న రాత్రి మేము ముగ్గురం మాట్లాడుకొన్నది చెంబు గురించి కాదు, మోట గురించి. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్ళు తోడిన మోటకు తోలు తొండం కుట్టింది మా తాతలే. రెండు ఎద్దులు లాగగలిగినంత నీరే పట్టాలి, పైకి వచ్చేదాకా తొండం మూతి పైకే ఉండాలి, రాగానే తనంతట తానే కాలువలోకి వంగాలి. ఆ లెక్క ఎవరు వేశారు? ఏ పుస్తకంలో ఉంది?

2024 ఫిబ్రవరిలో మేము పనిచేసిన మొదటి ప్రదర్శనలో తొమ్మిది స్టాళ్ళు పెట్టాం. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, చేర్యాల పటాలు, పెంబర్తి ఇత్తడి పని, పోచంపల్లి ఇక్కత్ గుడ్డలు, నిమ్మలకుంట తోలు దీపాలు, ఇంకా కొన్ని. వీటి గురించి పాఠ్యపుస్తకంలో ఒక్కో వాక్యం చదివి ఉంటారు, "ప్రసిద్ధి" అనే మాటతో. దగ్గర కూర్చొని చూస్తే వేరుగా ఉంటుంది. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి అనే తేలిక కర్రతో చేస్తారు. చేతులు, కాళ్ళు, తల విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దను మక్కు అంటారు. పైన సున్నం పూసి ఆరాక రంగులు. ఏటికొప్పాకలో కర్ర పేరు అంకుడు. కర్రను చక్రం మీద వేగంగా తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది, నిప్పు అక్కర్లేదు. మాలో ఫిజిక్స్ వాడు ఆ స్టాలు దగ్గర నుంచి రెండు గంటలు కదల్లేదు. అక్కడి బొమ్మలకు చెట్ల ఆకులు, బెరళ్ళు, గింజల నుంచి తీసే రంగుల్ని పెంచి పోషించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

చేర్యాల పటం గురించి మాత్రం మనం కొంచెం ఆగి తెలుసుకోవాలి. ఇది ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలు వేసే బొమ్మ. ఇప్పుడు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకొనే చిన్న బొమ్మగా అమ్ముడుపోతోంది గాని, అసలు పటం ముప్పై నలభై అడుగుల పొడవున్న గుడ్డ. రాత్రి పూట దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఒక్కో బొమ్మ చూపి కథ పాడేవాళ్ళు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి. గౌడులకు గౌడజెట్టివాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్తారు. అంటే మన తాత ముత్తాతలు ఈ బొమ్మకు ప్రేక్షకులు మాత్రమే కాదు. వాళ్ళు కథ చెప్పించుకొని త్యాగం ఇస్తేనే డక్కలివాళ్ళు నకాషీకి డబ్బిచ్చి కొత్త పటం వేయించుకొనేది. మా ప్రదర్శనలో ఈ సంగతి ఏ కార్డు మీదా లేదు. "చేర్యాల పెయింటింగ్, గుడ్డ, 1,500 రూపాయలు" అని మాత్రం ఉంది. ఆ కార్డు రాసింది మేమే.

ఇక దెబ్బ సంగతి. మాలో ఒకరి నాయిన డప్పులు చేస్తాడు, చెప్పులు కుడతాడు. స్టాళ్ళ జాబితా వేసేటప్పుడు డప్పు పెడదామని మేము అన్నాం. కమిటీలో ఎవరూ కోపంగా మాట్లాడలేదు, అది ముందే చెప్పాలి. "డప్పు వాయిద్యం కదా, సాంస్కృతిక కార్యక్రమంలో పెడదాం, ఊరేగింపులో వాయించిద్దాం" అన్నారు. ఒకరు "తోలు వాసన వస్తుందేమో" అన్నారు. మేము ఊరుకొన్నాం. ప్రదర్శన రోజు చూస్తే నిమ్మలకుంట తోలు దీపాల దగ్గరే అందరికన్నా ఎక్కువ జనం. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఆ ఊళ్ళో తోలుబొమ్మలాట వాళ్ళు మేకతోలును గాజులా వెలుగు పారేట్టు పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. గొప్ప పని. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మాకు ఆ పనిమీద ఈర్ష్య లేదు. మాకు అర్థం కానిదల్లా ఒకటే. అదీ మేకతోలే, ఇదీ మేకతోలే. దీపం చుట్టూ కడితే కళ, చట్రానికి బిగిస్తే కాదా?

ఆ ప్రదర్శనలో రెండో తప్పు లెక్కల్లో జరిగింది. మాలో ఎకనామిక్స్ వాడు పట్టుకొన్నాడు. బొమ్మలు తెచ్చిన ఒక దంపతుల జంట 80 బొమ్మలు తెచ్చి 23 అమ్మారు. బొమ్మ 180 చొప్పున 4,140 రూపాయలు. ఇద్దరి బస్సు చార్జీలు, లగేజీ కలిపి 1,300. రెండు రోజుల తిండి 600. మిగిలింది 2,240. ఇందులో కర్ర, రంగు, చేసిన రోజుల కూలీ లెక్క వేయలేదు. అమ్ముడుపోని 57 బొమ్మలు వాళ్ళే మోసుకుపోవాలి, దారిలో విరిగితే వాళ్ళకే నష్టం. పైగా డబ్బు కార్యాలయం ఫైళ్ళలో తిరిగి వాళ్ళ ఖాతాలో పడేసరికి 74 రోజులు అయింది. మేము మాత్రం ప్రదర్శన "విజయవంతం" అని పోస్టరు వేసుకొన్నాం.

ఆ వేసవిలో మేము ముగ్గురం ఆ నాయిన దగ్గర పదిరోజులు కూర్చొని డప్పు తయారీని నోటుపుస్తకంలో రాసుకొన్నాం. క్లబ్బు భాషలో దీన్ని డాక్యుమెంటేషన్ అంటారు. డిజైన్ సంస్థల్లో చదివే విద్యార్థులు ఊళ్ళకు పోయి చేసే పని ఇదే. ఆయన మొదట నవ్వాడు. "ఏం రాస్తరు బిడ్డా, డప్పంటె డప్పే గదా" అన్నాడు. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టడం, బొచ్చు గీకడం, కడగడం, తడి తోలును చెక్క చట్రం మీద నలుగురి బలంతో లాగి వెనక వైపు వార్లతో బిగించడం, ఆరబెట్టడం. చెప్పుల తోలుకైతే తంగేడు చెక్కతో ఊనడం, దానికి లంద. ఆరె, రంపె తప్ప ఆయన దగ్గర కొలబద్ద లేదు. ఎక్కడ పలచగా గీకాలో గోటితో తట్టి వింటాడు. వాయించే ముందు డప్పును మంటకు ఎందుకు కాస్తారో మనందరం చూసిందే. తోలులో తేమ పోతే అది ముడుచుకొంటుంది, బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. వానాకాలంలో డప్పు మెత్తబడేది అందుకే. కుడిచేతి సిర్ర లావుగా, ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా ఉండటానికీ లెక్క ఉంది. ఒకటి మోతకు, ఒకటి మధ్యలో గలగలకు. ఇప్పుడు ప్లాస్టిక్ డప్పులు వచ్చాయి, కాపక్కర్లేదు, వానకు తడవవు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. "గవి మోగుతయి గని మాట్లాడయి" అన్నాడు.

2025 ప్రదర్శనకు ముందు కమిటీలో మేము నోటుపుస్తకం పెట్టి మాట్లాడాం. ఈసారి కోపంతో కాదు, ఆధారాలతో. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది, పనస కర్రతో వీణ చేసే చెయ్యి హస్తకళాకారుడిదైతే డప్పు చేసే చెయ్యి కూడా అదే అన్నాం. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. వాటిలో చెప్పులు కుట్టేవాళ్ళు, బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్ళు, కుమ్మరులు, బొమ్మలు చేసేవాళ్ళు ఉన్నారని చూపించాం. (తమ్ముళ్ళూ, మీ ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు ఉంటే ఈ సంగతి ఇంటికి పోయినప్పుడు తప్పక చెప్పండి.) ఒక మిత్రురాలు "మనం పోయినసారి తప్పు చేశాం" అని తనే అంది. ఒకరిద్దరు చివరిదాకా ఒప్పుకోలేదు, అయినా వచ్చి బల్లలు మోశారు.

కార్డు మార్చాం. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు నుంచి అమలవుతోంది. పోచంపల్లి, కొండపల్లి, చేర్యాల, ఏటికొప్పాక అన్నిటికీ ఆ గుర్తింపు ఉంది. అది ఊరి పేరును కాపాడుతుంది, వేరే ఊళ్ళో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. మంచిదే. కాని బొమ్మ చేసిన మనిషి పేరు దాని మీద ఉండదు. అందుకని మా కార్డు మీద ఆరు వరుసలు పెట్టాం. వస్తువు, ఏం పెట్టి చేశారు, ఏ ఊరు, చేసినవారి పూర్తి పేరు, ఎన్ని రోజులు పట్టింది, ఈ ధరలో వారికి అందేది ఎంత. చివరి వరుస దగ్గర కొన్నవాళ్ళు బేరం ఆడటం మానేశారు. అందరూ అని చెప్పం.

డబ్బు విషయంలో పూర్వ విద్యార్థుల నుంచి ముందే చందా పోగుచేసి, దారి ఖర్చులు మేమే పెట్టుకొని, అమ్మినదానికి ఆ సాయంత్రమే చేతికి ఇచ్చాం. అందువల్ల తొమ్మిది స్టాళ్ళు పెట్టలేకపోయాం, నాలుగే అయ్యాయి. జనం కూడా పోయినేడు కన్నా తక్కువ వచ్చారు. కొందరు క్లబ్బు మిత్రులకు ఇది నచ్చలేదు. నాలుగు స్టాళ్ళతో ప్రదర్శన ఏమిటని వాళ్ళ వాదన. అందులోనూ న్యాయం ఉంది, ఆ చిక్కు మాకింకా తేలలేదు.

నాయిన రెండు డప్పులు, నాలుగు జతల కిర్రు చెప్పులు తెచ్చాడు. చెప్పులు మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఒక జత మా ప్రొఫెసర్ గారే కొనుక్కొని వరండా అంతా కిర్రుకిర్రుమని నడిచారు. డప్పును కొన్నవాళ్ళు లేరు గాని ముట్టుకోని వాళ్ళు లేరు. ఆయన ఎండలో పెట్టి కాచి, సిర్ర ఎలా పట్టాలో చూపి, తర్వాతనే చేతికిచ్చాడు.

కార్డు రాసేటప్పుడు ఏ పేరు రాయాలని అడిగాం. ఊళ్ళో ఆయన్ని పిలిచే పేరు పొట్టిది, చివర "గా" అని ఉంటుంది, చిన్నపిల్లలు కూడా అలాగే పిలుస్తారు. ఆయన కాసేపు ఆలోచించి "ఆధార్ కార్డుల ఎట్లుందో అట్ల రాయిండ్రి. ఇంటిపేరు గూడ" అన్నాడు. రెండో రోజు సాయంత్రం కార్డులన్నీ అట్టపెట్టెలో వేస్తుంటే తన కార్డు అడిగి తీసుకొని జేబులో పెట్టుకొన్నాడు.

కార్డు నమూనా ఒకటి, డప్పు తయారీ నోటుపుస్తకం జిరాక్సు ఒకటి వార్డెన్ సారు దగ్గర పెట్టాం. వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ అల్లే చాపదో, తాత చేసే తట్టదో, చీపురుదో అలాగే ఆరు వరుసలు రాసుకొని రండి. ఎన్ని రోజులు పట్టిందో వాళ్ళను అడగొద్దు, "ఊరికే అయిపోతది" అంటారు. పక్కన కూర్చొని మీరే లెక్కపెట్టండి.