రంగు వెలిసిన రాతలు

నగర చరిత్రను చెప్పవలసివచ్చినప్పుడు చరిత్రకారులు శాసనాలను, ఫర్మానాలను, యాత్రికుల రచనలను ఆశ్రయిస్తారు. కోటలను, మసీదులను, దేవాలయాలను, దేవిడీలను వర్ణిస్తారు. ఆ కట్టడాల నడుమ, సామాన్యుల దుకాణాల నుదుటిమీద, ఇరుకు సందుల గోడలమీద కుంచెతో రాసిన అక్షరాలు కూడా ఒక విధంగా శాసనాలే. రాతిమీద చెక్కినవి కానందున వాటికి ఆయుర్దాయం తక్కువ. ప్రభువులు రాయించినవి కానందున వాటికి గౌరవమూ తక్కువ. ఎండకు వెలిసి, వానకు కరిగి, కొత్త సున్నం కింద కప్పబడి అవి ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. వాటిని ఏ గ్రంథాలయమూ భద్రపరచదు, ఏ పట్టికలోనూ అవి నమోదు కావు.

పాశ్చాత్య దేశాలలో ఇటువంటి మాసిన ప్రకటనలను ‘గోస్ట్ సైన్స్’ అని వ్యవహరిస్తారు. యజమాని పోయి, సరుకు పోయి, గోడమీద పేరు మాత్రమే నీడవలె మిగిలి ఉండటంచేత ఆ పేరు వచ్చింది. బ్రిటన్‌లో వాటి ఛాయాచిత్రాలను సేకరించి భద్రపరచేవారున్నారు. మనదేశంలో ఆ పని ఇంకా తగినంతగా జరగలేదు. చూడవలసినవి లేక కాదు, చూడవలసినవని తోచక.

హైదరాబాదు పాతనగరం ఇందుకు మంచి ఉదాహరణ. 1591లో చార్మినారు కేంద్రంగా వెలసిన ఈ నగరం 1908 సెప్టెంబరులో మూసీ వరదకు అతలాకుతలమైంది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి వీధులను వెడల్పు చేసింది. పత్థర్‌గట్టీలో కనిపించే రాతి కమానుల దుకాణాల వరుస ఆ కృషి ఫలితమే. కింద అంగడి, పైన నివాసం ఉండేటట్లు కట్టిన ఆ వరుసలో బోర్డులు రాయడానికి కావలసినంత చోటు ఏర్పడింది. నయాపూల్ దాటి మదీనా కూడలి, పత్థర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినారు వరకు నడిచేవాడు తల కొంచెం పైకెత్తి నడవాలి. కంటికి ఎదురుగా ఉండేవన్నీ కొత్త బోర్డులు. పాతవి వాటికి పైన, కిటికీల నడుమ, పక్క సందు మలుపులో ఉంటాయి. దుకాణాలు తెరవకముందు ఉదయపు వేళ ఇందుకు అనువైనది. ఏటవాలు ఎండ గోడమీద పడినప్పుడు, మధ్యాహ్నం కనిపించని అక్షరపు అంచులు పైకి తేలుతాయి. వాన వెలిసిన వెంటనే చూస్తే మరీ మంచిది. తడిసిన గోడ ముదురురంగుకు తిరిగి, మాసిన అక్షరం కాసేపు స్పష్టమవుతుంది.

ఈ వీధులలో మొదట గమనించవలసినది లిపి. 1948 వరకు హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ అధికార భాష. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగును అధికార భాషగా ప్రకటించే చట్టం వచ్చింది. ఈ మార్పులన్నీ బోర్డులమీద కనిపిస్తాయి. ఒకే పలకమీద ఉర్దూ, తెలుగు, ఆంగ్లం మూడూ ఉంటే పెయింటరు పడే తిప్పలు చూడాలి. ఉర్దూ కుడినుండి ఎడమకు, పై నుండి కిందికి జారుతూ సాగుతుంది. తెలుగు ఎడమనుండి కుడికి పోతుంది. రెండూ ఎదురెదురుగా వచ్చి ఒకచోట ఇరుకున పడకుండా ముందే కొలత వేసుకోవాలి.

తెలుగు అక్షరం మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. ఆంగ్లపు పెద్ద అక్షరాలకు పైన ఒక గీత, కింద ఒక గీత చాలు. తెలుగుకు తలకట్లకూ గుడులకూ పైన జాగా కావాలి, ఒత్తులకు కింద జాగా కావాలి. ‘క్లాత్ మర్చంట్స్’ అన్న రెండు మాటలలోనే మూడు చోట్ల ఒత్తులు వచ్చాయి. వ్యాపారులు ఎంచుకునే పేర్లు ఇటువంటివే కావడం పెయింటర్ల దురదృష్టం. కొందరు ఒత్తును కిందికి కాక పక్కకు జరిపి రాశారు. కొందరు చుక్కంత చేశారు. మరికొందరు దానినే పువ్వులా చుట్టి అలంకారం చేసుకున్నారు. అచ్చు అక్షరాలలో కనిపించని ఈ వైవిధ్యం చేతిరాత బోర్డులకే సొంతం.

భాష విషయంలోనూ ఒక విశేషం ఉంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం ఉద్యమించి శతాబ్దం దాటింది. పత్రికలు మారాయి, పుస్తకాలు మారాయి. గోడ మాత్రం మారలేదు. ‘ఇచ్చట నోటీసులు అంటించరాదు’, ‘అన్ని రకముల సామానులు లభించును’, ‘అద్దెకు ఇవ్వబడును’ వంటి వాక్యాలు నేటికీ కనిపిస్తాయి. ఇంట్లో ఎవరూ ‘ఇవ్వబడును’ అనరు. అయినా గోడమీద రాయవలసివచ్చేసరికి ప్రతివాడూ గ్రాంథికవాదే అవుతాడు. దీనికి భిన్నంగా ‘అరువు రేపు’ అన్న రెండు మాటల వాక్యం ఉంది. అప్పు అడగడానికి వచ్చినవాడిని నొప్పించక తిప్పిపంపే ఇంత క్లుప్తమైన మాట మరొకటి దొరకడం కష్టం.

మాసిన రాత ఏ కాలానిదో తెలుసుకోవడం ఎలా? బోర్డుమీద సాధారణంగా సంవత్సరం ఉండదు. కాని రాసినవాడు తెలియకుండానే ఆనవాళ్లు వదిలిపెడతాడు. ధర అణాలలో ఉంటే అది 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందుదో, వచ్చిన కొత్తలోదో అయిఉండాలి. ‘నయాపైసలు’ అని ఉంటే 1957కు తరువాతిది. 1964లో ‘నయా’ అన్న మాటను తొలగించారు కనుక ఆ బోర్డు వయస్సును కొద్ది సంవత్సరాల తేడాతో చెప్పవచ్చు. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టుకు తరువాతిది. ‘హైదరాబాదు - 2’ అని మాత్రమే ఉంటే అంతకు ముందుది కావచ్చు. అయితే పాత అలవాటు చొప్పున తరువాత కూడా అలాగే రాసినవారున్నారు కనుక ఆ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పరాదు. టెలిఫోను సంఖ్య ఇంకా నమ్మదగిన సాక్షి. అంకెలు ఎంత తక్కువైతే బోర్డు అంత పాతది. 2002-03 ప్రాంతంలో ముందు 2 చేర్చి సంఖ్యలను ఎనిమిది అంకెలకు పెంచారు. కొన్ని బోర్డులలో మొదటి 2 మాత్రం వేరొక చేతిరాతతో, వేరొక రంగుతో ఇరుకుగా కూర్చుని ఉండటానికి కారణం ఇదే. ‘మద్రాసు’ నుండి తెచ్చిన సరుకని రాసి ఉంటే 1996కు ముందరిది అనుకోవచ్చుగాని, మద్రాసు పేరు మన నోటినుండి అంత త్వరగా పోలేదు. తలకిందులైన ఎర్ర త్రికోణం కనిపిస్తే అది 1960ల దశకం నుండి సాగిన కుటుంబ నియంత్రణ ప్రచారానికి గుర్తు.

రంగు ఎందుకు వెలుస్తుంది? రంగులో రెండు భాగాలుంటాయి. ఒకటి వర్ణాన్నిచ్చే పొడి, రెండవది ఆ పొడిని గోడకు పట్టి ఉంచే నూనె లేక జిగురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ నూనె పొరను పగులగొట్టగా పొడి సుద్దవలె రాలిపోతుంది. కొన్ని ఎరుపులు ముందుగా పాలిపోతాయి. సీసం కలిసిన పాత సఫేదా మాత్రం గట్టిగా నిలుస్తుంది. రంగు పూర్తిగా రాలిన తరువాత కూడా అక్షరం కనిపించడానికి మరొక కారణం ఉంది. ఇన్నాళ్లూ రంగు కప్పిన మేర గోడ ఎండావానల దెబ్బ తినలేదు. చుట్టూ ఉన్న గోడ నల్లబడితే, అక్షరం ఉన్నచోట గోడే లేతగా మిగిలింది. పాత రంగును గోళ్లతో గీకి చూడటం మాత్రం తగదు. సీసం విషపదార్థం. ఇంటి రంగులలో దాని పాళ్లను మనదేశంలో 2017 నుండి కఠినంగా పరిమితం చేశారు.

ఈ అక్షరాలు రాసినవారి సంగతి చెప్పవలసి ఉంది. బోర్డులు రాసే పెయింటరు ఏ కళాశాలలోనూ చదువుకున్నవాడు కాదు. గురువువద్ద చేరి మొదట కుంచెలు కడగడం, పిదప గురువు గీసిన అక్షరాల లోపల రంగు నింపడం, చాలా కాలానికి తానే అంచులు దిద్దడం నేర్చుకున్నాడు. దారానికి సుద్ద రాసి గోడకు బిగించి, వేలితో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. అక్షరాలకు ఒకపక్క నీడ పెట్టి అవి గోడనుండి లేచినట్లు చూపడం అతని విద్యలో గొప్ప మెట్టు. పని ముగిసిన తరువాత బోర్డు కింది మూలన చిన్న అక్షరాలతో తన పేరు రాసి పక్కన ‘ఆర్ట్స్’ అని చేర్చేవాడు. యజమాని పేరు నిలువెత్తున ఉంటే శిల్పి పేరు బొటనవేలంత. మాసిన బోర్డులలో ముందుగా చెరిగిపోయేది ఆ పేరే.

సినిమా హాళ్లకు బ్యానర్లు రాసేవారు ఇదే కులానికి పెద్దలు. చిన్న ఛాయాచిత్రంమీద గడులు గీసి, ఆ గడులను గుడ్డమీద పెంచి, నటుల ముఖాలను నిలువెత్తుకు మించి నిలబెట్టేవారు. ప్రపంచఖ్యాతి పొందిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ తొలిరోజులలో బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నవాడే. పెయింటర్లకు పంట చేతికొచ్చే కాలం ఎన్నికలు. 1990 - 96 మధ్య ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న టి.ఎన్. శేషన్ గోడరాతలను కట్టడి చేయడంతో ఆ రాబడి కుంటుపడింది. ఇళ్ల యజమానులకు అది మేలే చేసింది. అడగకుండా తమ గోడను ఆక్రమించుకునే బాధ వారికి తగ్గింది. ఒకే నిర్ణయం ఒకరికి ఊరటగా, మరొకరికి పస్తుగా పరిణమించిన సందర్భమిది. ఆ దశకంలోనే ఉర్దూకు కంప్యూటరు లిపి రావడంతో ఛత్తాబజారులో కలంతో పెండ్లిపత్రికలు రాసే కాతిబుల గిరాకీ తగ్గింది. 2000 తరువాత ఫ్లెక్సీ వచ్చింది. పెయింటరుకు రోజులు పట్టే పనిని యంత్రం గంటలలో ముగిస్తుంది, ధర కూడా తక్కువ. దుకాణదారును తప్పుపట్టలేము. కాని ఫ్లెక్సీ వెలిసినప్పుడు ఏ అక్షరమూ నీడగా మిగలదు. చినిగి వేలాడుతుంది, అంతే.

ఈ విద్య అంతరించకముందే దానిని పట్టి ఉంచాలని ప్రయత్నించినవారిలో హనీఫ్ ఖురేషీ ఒకరు. వీధి పెయింటర్ల అక్షరాలను సేకరించి, వాటిని కంప్యూటరులో వాడదగిన లిపులుగా మార్చి, ఆయా పెయింటర్ల పేర్లే వాటికి పెట్టారు. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. ఢిల్లీ లోధీ కాలనీ గోడలమీద ఆ సంస్థ వేయించిన చిత్రాలు పేరుపొందాయి. హైదరాబాదులో రాజ్‌భవన్ సమీపంలోని ఎం.ఎస్. మక్తా ఇళ్ల గోడలమీద 2016లో అటువంటి చిత్రాలే వెలిశాయి. ఖురేషీ 2024లో మరణించారు.

కొత్త చిత్రాలు ఇరుకు వాడలకు అందం తెచ్చిన మాట నిజం. అయితే పాత రాతకూ కొత్త చిత్రానికీ భేదం గుర్తించాలి. కొత్త చిత్రం చూపరి కోసం వేసినది. పాత రాత బతుకుతెరువు కోసం రాసినది. తాను చూడదగినదని దానికి తెలియదు. నగరాన్ని అందంగా తీర్చిదిద్దే తొందరలో పాత రాతమీద కొత్త రంగు పూస్తే ఒక కాగితాన్ని చించి దానిపై బొమ్మ వేసినట్లవుతుంది. మాసిన అక్షరాన్ని మళ్లీ కొత్త రంగుతో దిద్దాలా అన్నది మరొక ప్రశ్న. దిద్దితే చదవడానికి వీలవుతుంది, కాని రాసినవాడి చేయి పోతుంది. అలాగే వదిలేస్తే చేయి ఉంటుంది, కొన్నేళ్లకు అక్షరం పోతుంది. దుకాణం నేటికీ నడుస్తుంటే యజమాని ఇష్టప్రకారం దిద్దించుకోవడమే సబబు. దుకాణం లేనిచోట వదిలివేసి ఛాయాచిత్రం తీసుకోవడం మేలు.

ఛాయాచిత్రం తీసినంతమాత్రాన పని పూర్తికాదు. వీధిపేరు, తేదీ, గోడ ఏ దిక్కుకు ఉన్నదీ రాసుకోవాలి. చదవగలిగినంత పాఠాన్ని ఉన్నది ఉన్నట్లు, తప్పులతో సహా ఎత్తిరాసుకోవాలి. అక్షరం పోయినచోట ఊహించి పూరించరాదు. పైఅంతస్తులలో కుటుంబాలు కాపురముంటాయి కనుక కిటికీల వైపు కెమెరా ఎత్తేముందు అనుమతి అడగడం మర్యాద. అడిగితే మరొక లాభం కూడా ఉంది. ఆ బోర్డు ఎవరు రాశారో, ఆ దుకాణంలో ఒకప్పుడు ఏమి అమ్మేవారో తెలిసిన పెద్దలు ఎదురింటి అరుగుమీదనే కూర్చుని ఉండవచ్చు. గోడకంటె ముందు వెళ్లిపోయేది వారి జ్ఞాపకం.

ఒక్కొక్కసారి వెదకకుండానే రాత బయటపడుతుంది. రెండు ఇళ్ల నడుమ ఉన్న పాత ఇంటిని పడగొట్టినప్పుడు, అంతవరకు దాని చాటున ఉన్న పక్క గోడ వెలుగు చూస్తుంది. ఎండ తగలనందున దానిమీది అక్షరాలు నిన్న రాసినట్లుంటాయి. ఎన్నడో మూతపడిన దుకాణం పేరు, ఇప్పుడెవరూ వాడని సబ్బు పేరు ఒక్కసారిగా వీధికి ఎదురుగా నిలుస్తాయి. కూలీలు ఇటుకలు ఏరుతూ ఉంటారు, బాటసారులు ఆగి చదివి వెళతారు. ఖాళీ అయిన ఆ జాగాలో స్తంభాలు లేచి, కొత్త గోడ ఆ పేరును మళ్లీ మూసివేసేంతవరకు దానికి దొరికే గడువు కొన్ని వారాలు.