ఆంగ్ల పదముల పొత్తు

“మా అమ్మాయి ఆంగ్లమున వెనుకబడుటకు ఇంట మాటలాడు తెలుగే కారణమా?” అని ఒక తల్లి అడిగెను. ఆమె చూపిన వ్యాసపుస్తకమున ఎఱ్ఱసిరాతో దిద్దిన తప్పు ఒక్కటియే పలుమారులు కనబడినది. ‘మేక్’ ఉండవలసిన చోట బాలిక ‘డూ’ అని వ్రాసినది.

ప్రతి భాషలోను కొన్ని పదములు కొన్నిటితోడనే కూడును. మనము పండ్లు తోముకొందుము, బట్టలు ఉతుకుదుము, ముఖము కడుగుకొందుము. “బట్టలు తోమితిని” అన్నచో నవ్వు వచ్చును. ఏల యని అడిగిన చెప్పజాలము. ఆంగ్లేయుడు బట్టలకును, ముఖమునకును, అంట్లకును ‘వాష్’ అనియే యనును. పండ్లకు మాత్రము ‘బ్రష్’. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. ‘స్ట్రాంగ్ టీ’ యనుటను చెన్నైలో బాలురు టీకొట్టు వద్దనే నేర్తురు. ‘పవర్‌ఫుల్ టీ’ కావలెనని యెవ్వరును అడుగరు.

ఈ పొత్తునకు ఆంగ్లమున ‘కొలొకేషన్’ అని పేరు. 1933లో హెరాల్డ్ పామర్ ఇట్టి పదబంధములను సేకరించి టోక్యోలో నివేదికగా ప్రకటించెను. 1951 నాటి వ్యాసమున జె. ఆర్. ఫర్త్ దీనిని అర్థవిచారమునకే ఒక మార్గముగా గ్రహించెను. ఆ పండితుడు 1937లో మన దేశమునకు వచ్చి గుజరాతీతోపాటు తెలుగును పరిశీలించినవాడగుట మనకు ముచ్చట.

ఇక ‘చేయు’ సంగతి. తప్పు, ప్రయత్నము, ఏర్పాటు, వ్యాయామము, ఉపకారము – తెలుగున అన్నిటిని ‘చేయుదుము’. తమిళపు ‘సెయ్’ కూడ ఇట్లే నడచును. ఆంగ్లమున మొదటి మూడింటికి ‘మేక్’, తక్కిన రెండింటికి ‘డూ’. కావున బిడ్డకు ఇంటి భాషయు, వీధి భాషయు ఇచట తోడు రావు. అందులకై ఇంట తెలుగు మాన్పించిన తల్లిదండ్రులను ఎఱుగుదును. వారే “ఫ్యాను వేయి” అనుటను “పుట్ ద ఫ్యాన్” అని పలుకుచుండగా బిడ్డ దానినే నేర్చెను. తెలుగు పోయినది, తప్పు మిగిలినది!

‘రైట్ ద ఎగ్జామ్’ అనుటను మాత్రము నేను తప్పనను. ఇంగ్లండున ‘టేక్’ లేక ‘సిట్’ అందురు. మన దేశమున ‘రైట్’ స్థిరపడినది.

బిడ్డచే పదమునకు అర్థము వ్రాయించుట చాలదు. ‘మిస్టేక్’ అనగా తప్పు అని గాక, ‘మేక్ ఎ మిస్టేక్’ అనగా తప్పు చేయుట అని జంటగా వ్రాయింపుడు. ప్రక్కనే తెలుగు జంటను బిడ్డ నోటనే చెప్పింపుడు. రెండు భాషలు ఎచట విడిపోయినవో అచట గీత గీయుమనుడు. దినమునకు మూడు జంటలు చాలును.