తోటలో పండినవి కుక్కకు పెట్టవచ్చా?

మందులు కొట్టకుండా పండించాం కదా, మనం తినేవి కాపలా కుక్కకూ మంచివే అని చాలామంది అనుకుంటారు. మందు అవశేషాలు ఉండవు, అది నిజమే. కానీ మొక్కకు పుట్టుకతో వచ్చిన గుణం సాగు పద్ధతి మారిస్తే మారదు.

ముందు భయం లేనివి చెప్పేస్తాను. క్యారెట్, కీరదోస, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప, బీన్స్ కొద్దికొద్దిగా పెట్టవచ్చు. ఉప్పు, కారం, తాలింపు లేకుండా. పుచ్చకాయ, బొప్పాయి అయితే గింజలు, తొక్క తీసేయాలి. మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. టమాటా పండు ఒక ముక్క తింటే ఏమీ కాదు, ఆకు, పచ్చికాయ మాత్రం వద్దు.

ఉల్లి, వెల్లుల్లి దగ్గర బాగా జాగ్రత్త. వీటిలోని గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు. అంటే 10 కిలోల కుక్కకు 150 గ్రాములు, మామూలు ఉల్లిపాయలు రెండు. ఉడికించినా, వేయించినా విషం పోదు. వెల్లుల్లి ఇంకా తక్కువకే పని చేస్తుంది. పైగా వెంటనే తెలియదు. కొన్ని రోజులకి నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తాయి. పచ్చి ఉల్లిని కుక్క ముట్టదు కదా అంటారు. నిజమే, పులుసన్నంలో కలిపి పెట్టేది మనమే!

పులుసు అన్నాను కాబట్టి చింతపండు సంగతి. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయని పశువైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. టార్టారిక్ ఆమ్లమే కారణమని ఈమధ్య గట్టిగా అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. మిగిలిన పులిహోర కుక్కకు వేసే అలవాటు ఉంటే మానేయండి.

నాకైతే కూరగాయల కన్నా షెడ్డులో ఉన్న ఆముదం పిండి బస్తా అంటేనే ఎక్కువ భయం. నూనె తీసిన చెక్కలో రిసిన్ అనే విషం ఉండిపోతుంది. మా పక్క నిమ్మతోటలో పాదుల్లో పిండి వేసి, మట్టి కప్పకుండా వదిలేశారు. కుక్క రాత్రి తవ్వుకుని తినేసింది. మర్నాడు వాంతులు, రక్త విరేచనాలు. మూడో రోజుకి లేదు. ఎముకల పిండి కలిపితే ఆ వాసనకి ఇంకా ఆశపడుతుంది. వేయక తప్పదంటే లోతుగా పూడ్చి, కొన్నాళ్లు కుక్కను అటు వదలకండి. నేను మాత్రం వేపపిండితోనే సరిపెడుతున్నాను.

అగ్నిఅస్త్రం పిప్పి కూడా గట్టు మీద పారేయకండి, అందులో పొగాకు, వెల్లుల్లి రెండూ ఉంటాయి. గుంట తీసి పూడ్చేయండి, డ్రమ్ముకు మూత పెట్టండి.

ఏదైనా తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగొద్దు. ఉప్పునీళ్లు పట్టించి కక్కించాలని అసలు చూడకండి, ఆ ఉప్పే ప్రాణం మీదకి తెస్తుంది. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది గుర్తుపెట్టుకుని, కుదిరితే బస్తాలోంచి పిడికెడు పిండి కూడా పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పాదులో పిండి ఎంత లోతున పూడ్చాలో వీడియోలో చూపించాను.