లింకు కాదు, ముందు అధ్యాయం

ప్రశ్న: నా నవలను సొంతంగా ఈ-బుక్‌గా తెచ్చాను. ఫేస్‌బుక్‌లో రోజూ లింకు పెడుతున్నా లైకులే తప్ప చదివేవాళ్లు లేరు. ఏం చేయాలి?
– ఒక రచయిత్రి, ఖమ్మం

జవాబు: లింకు పెట్టడమంటే కొనమని అడగడమే. అంతకన్నా ముందు కథ రుచి తెలియాలి.

అమెరికన్ రచయిత ఆండీ వియర్ ‘ది మార్షియన్’ను తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఉచితంగా పెట్టారు. సైన్సు తెలిసిన పాఠకులు తప్పులు పట్టి ఈమెయిళ్లు రాశారు, ఆయన దిద్దుకున్నారు. కిండిల్‌లో కావాలని అడిగిందీ పాఠకులే. అక్కడ 99 సెంట్లకు పెట్టిన నవల 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా అచ్చయింది, 2015లో సినిమా అయింది.

మన దేశంలో రచయిత అమీశ్ త్రిపాఠి 2010లో తన తొలి నవల మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చువేయించి, పుస్తకాల షాపుల్లో ఉచితంగా పంచారు. యూట్యూబ్‌లో ట్రైలర్ కూడా వదిలారు.

వారపత్రికల సీరియళ్లతో పెరిగిన తెలుగు పాఠకులకు ఇలా అధ్యాయాలుగా చదవడం కొత్తేమీ కాదు. మీరు కూడా మొదటి మూడు అధ్యాయాలను ప్రతిలిపి యాప్‌లోనో, వాట్సాప్ చానల్‌లోనో వారానికొకటి చొప్పున, ప్రతి వారం ఒకే రోజున ఇవ్వవచ్చు. స్పందించిన ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి జవాబివ్వాలి. పుస్తకం లింకు మూడో అధ్యాయం చివర ఇస్తే చాలు. అయితే ఈ-బుక్ ఒప్పందంలో ‘మరెక్కడా ప్రచురించరాదు’ అన్న షరతు ఉందేమో ముందే చూసుకోవాలి.